నీ నౌక ఓసారిస్తావా!

బండి, పుస్తకం, గొడుగు... స్నేహితుడు నోరు తెరిచి అడిగితే ఇవ్వక తప్పదు. ఇచ్చాక అది తిరిగొచ్చేదాకా మనసు మనసులో ఉండదు. మరి కంప్యూటర్ తెరమీద తప్ప ఇంకెక్కడా లేని వాహనాన్ని అరువిస్తే? అక్కడా అదే మొహమాటం, అదే బెంగ... ఒక్కోసారి అదే మోసం!

'ఒరేయ్, ఓ గంట నీ బండివ్వరా... ఇలా వెళ్లి అలా వచ్చేస్తా!'

ఈ మాట వినని ఇల్లుండదు. కాదంటే స్నేహం చెడుతుందేమోనని భయం. సరేనంటే బండి ఏమవుతుందోనని భయం. చివరికి మొహమాటమే గెలుస్తుంది. వెనక బ్రేకు సరిగా పడదనీ, పెట్రోలు తక్కువుందనీ నాలుగు జాగ్రత్తలు చెప్పి తాళాలు చేతిలో పెడతాం. బండి వీధి మలుపు తిరిగేదాకా అటే చూస్తాం. తిరిగొచ్చాక, వాడు చూడకుండా, గీతలేమైనా పడ్డాయేమోనని ఓసారి చుట్టూ తిరిగి చూసుకుంటాం.

ఇప్పుడు అదే దృశ్యాన్ని ఇంకోచోట ఊహించుకోండి. అడిగేవాడు జర్మనీలో ఉన్నాడు. ఇవ్వాల్సినవాడు బ్రెజిల్‌లో ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు. అడుగుతున్నది బండీ కాదు, కారూ కాదు... అంతరిక్ష నౌక! దాన్ని ముట్టుకోలేం, పెరట్లో పెట్టుకోలేం. కానీ సంపాదించుకోవడానికి పట్టిన రాత్రులు మాత్రం అచ్చంగా నిజమైనవే.

ఇలాంటి అరువులు రోజూ జరిగే ఆ లోకం పేరు 'ఈవ్ ఆన్‌లైన్'.

పోతే పోయినట్టే!

ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో ఉన్న సీసీపీ అనే సంస్థ 2003 మే 6న విడుదల చేసిన ఆట ఇది. చాలా ఆన్‌లైన్ ఆటల్లో ఆటగాళ్లను వేర్వేరు సర్వర్లలోకి పంచేస్తారు. ఒక సర్వర్లో ఉన్నవారికి మరో సర్వర్లో ఉన్నవారు కనిపించరు. ఇక్కడ అలా కాదు. చైనాకు విడిగా ఒక సర్వర్ ఉంది. మిగతా ప్రపంచమంతా ఒకటే ఆకాశం కింద ఆడుతుంది. ఆ ఆకాశంలో ఏడు వేలకు పైగా నక్షత్ర మండలాలు. అందులో ఒకరు గనులు తవ్వుతారు, ఒకరు సరకు మోస్తారు, ఒకరు నౌకలు తయారుచేసి అమ్ముతారు, ఇంకొకరు దారికాచి దోచుకుంటారు. అక్కడ తిరిగే నౌకల్లో అత్యధికం ఆటగాళ్లు తయారుచేసినవే. అంటే ముడిసరకు తవ్వినవాడి దగ్గర్నుంచి అమ్మినవాడి దాకా ప్రతి నౌక వెనకా ఎందరి కష్టమో ఉంటుందన్నమాట. అక్కడి డబ్బును 'ఇస్క్' అంటారు. ఆ మార్కెట్టు ఎంత పెద్దదంటే, దాని ధరవరలు గమనించడానికి సీసీపీ 2007లో ఏకంగా ఓ ఆర్థికవేత్తనే ఉద్యోగంలో పెట్టుకుంది. ఆయన పేరు ఐయోల్ఫర్ గుడ్‌ముండ్సన్. 2014లో ఆయన ఆ ఉద్యోగం వదిలి ఐస్‌లాండ్‌లోనే ఓ విశ్వవిద్యాలయానికి అధిపతి అయ్యారు!

ఈ ఆటను మిగతావాటి నుంచి వేరుచేసే నియమం ఒకటుంది. యుద్ధంలో నౌక పేలిపోతే... అంతే! మళ్లీ రాదు. 'రీస్టార్ట్' నొక్కితే కొత్తగా మెరుస్తూ ఎదురుగా నిలబడదు. అందులో బిగించిన తుపాకులూ కవచాల్లో కొన్ని నాశనమవుతాయి, మిగిలినవి పడగొట్టినవాడి పాలవుతాయి. బీమా ఉంది కానీ అది నౌకకు మాత్రమే. లోపల బిగించిన ఖరీదైన సామగ్రికి పైసా రాదు. మన బండికి బీమా ఉన్నా పెట్టెలో పెట్టిన ఫోను పోతే ఎవరూ ఇవ్వనట్టే.

కాబట్టే అక్కడ కొత్తగా చేరిన ప్రతివాడికీ పెద్దలు మొదట చెప్పే మాట ఒకటే... 'పోయినా తట్టుకోగలను అనుకున్న నౌకలోనే ఎక్కు.' చదువుకోవడానికి ఎంత తేలికో, పాటించడానికి అంత కష్టం.

అరువుకు మీట లేదు

ఇలాంటి చోట నౌకను అరువివ్వడమంటే ఏమిటి?

పద్ధతి చాలా సులువు. ఇద్దరూ ఒకే స్థావరంలో ఉంటే ఇచ్చిపుచ్చుకునే కిటికీ తెరిచి నౌకను అటు జరిపితే చాలు. అంతరిక్షంలో ఉంటే ఇంకా సులువు. యజమాని నౌకలోంచి బయటికి వచ్చేస్తాడు. ఖాళీగా ఉన్న ఆ నౌకలోకి స్నేహితుడు ఎక్కేస్తాడు. అయితే ఎక్కాలంటే ఆ రకం నౌకను నడిపే విద్య అతడు ముందే నేర్చుకుని ఉండాలి. చిన్న నౌకలకు కొద్ది సమయం చాలు, పెద్దవాటికి నెలలు పడుతుంది. అంటే అక్కడా డ్రైవింగ్ లైసెన్సు ఉందన్నమాట!

చిక్కంతా ఆ తర్వాతే. చేతులు మారిన క్షణం నుంచీ ఆటకు సంబంధించినంతవరకూ ఆ నౌక అతడిదే. 'ఇది అరువుది, ఆదివారం తిరిగివ్వాలి' అని ఆట ఎక్కడా రాసుకోదు. గడువు లేదు, వడ్డీ లేదు, గుర్తుచేసే గంట లేదు. ఇంకా చెప్పాలంటే యజమాని బయటికొచ్చిన ఆ కొద్ది క్షణాల్లో పక్కనుంచి ఇంకెవరైనా వచ్చి ఎక్కి కూర్చున్నా అడిగే నాథుడుండడు. తీసుకున్నవాడు 'ఇవ్వను పో' అంటే... సంస్థకు మొరపెట్టుకున్నా సాధారణంగా ఫలితం ఉండదు. ఆట నియమాలను దాటనంతవరకూ నమ్మకద్రోహం కూడా ఆటలో భాగమే అన్నది వారి సిద్ధాంతం.

మరి అంత ప్రమాదమైతే ఎందుకివ్వడం? కారణాలు మన వీధిలో ఉన్నవే. కొత్తగా చేరినవాడి దగ్గర ఏమీ ఉండదు. పదిమంది కలిసి వెళ్తున్నప్పుడు గాయపడ్డ నౌకలను బాగుచేసే నౌక ఒకటి కావాలి, దాన్ని నడపగలిగినవాడి దగ్గరేమో అది ఉండదు. నిన్న రాత్రే ఒకడి నౌక పేలిపోయింది, ఇవాళ వాణ్ని వదిలేసి వెళ్లడానికి మనసొప్పదు. 'సర్లే, నాది తీసుకో' అనేస్తారు. ఆ ఒక్క మాటతోనే కొత్తవాడు ఆ గుంపులో మనిషైపోతాడు.

తాళాలిచ్చి తలపట్టుకున్నారు

ఒకరికొకరు అరువిచ్చుకోవడం కన్నా అందరి వస్తువులూ ఒకచోట పెట్టుకుంటే మేలు కదా! ఈవ్‌లో ఆటగాళ్లు కలిసి 'కార్పొరేషన్లు' పెట్టుకుంటారు. ప్రతి కార్పొరేషన్‌కూ ఉమ్మడి గోదాములుంటాయి. వాటిలో ఏడు అరలు. ఏ అర ఎవరు తెరవొచ్చో పెద్దలు నిర్ణయిస్తారు. కొత్తవాడికి చిన్న నౌకలున్న అర, పాతకాపుకు పెద్ద నౌకలున్న అర... ఇలా నమ్మకం పెరిగేకొద్దీ తాళాల సంఖ్య పెరుగుతుంది.

ఆ తాళాలే ఎంత పని చేస్తాయో 2005లో లోకానికి తెలిసొచ్చింది. 'గైడింగ్ హ్యాండ్ సోషల్ క్లబ్' అనే పేరున్న ఓ బృందం, 'యూబిక్వా సెరాఫ్' అనే కార్పొరేషన్‌లోకి తన మనుషుల్ని మామూలు సభ్యుల్లా పంపింది. వాళ్లు తొందరపడలేదు. దాదాపు ఏడాదిపాటు కలిసి ఆడారు, కష్టాల్లో సాయపడ్డారు, కబుర్లు చెప్పుకున్నారు, ఒక్కో మెట్టూ ఎక్కి అధిపతికి కుడిభుజాలయ్యారు. ఒకరోజు సంకేతం అందింది. ఒకపక్క ఆ అధిపతి నడుపుతున్న అరుదైన నౌకను పేల్చేశారు. అదే సమయంలో మరోపక్క వేర్వేరుచోట్ల ఉన్న గోదాములన్నీ ఊడ్చేశారు. పోయిన సొత్తు విలువ దాదాపు 3,000 కోట్ల ఇస్క్‌లు. అప్పటి లెక్కల ప్రకారం అది సుమారు 16,500 డాలర్లకు సమానం!

ఎవరూ తాళం పగలగొట్టలేదు. పాస్‌వర్డ్ దొంగిలించలేదు. యజమానులే నమ్మి ఇచ్చిన తాళాలతో తీశారు. అందుకే సంస్థ జోక్యం చేసుకోలేదు. ఆటల పత్రికలు ఆ కథను పేజీలకు పేజీలు రాశాయి. దోచినవాళ్ల తెలివిని మెచ్చుకున్నవారూ ఉన్నారు. కానీ ఏడాదిపాటు స్నేహితులనుకున్నవాళ్లు ఒక్కపూటలో ఎవరో అయిపోతే ఎలా ఉంటుందో... దానికి డాలర్లలో లెక్క కట్టలేదెవరూ.

వందలమంది కష్టం... ఒక్కడి చేతిలో

అరువుల్లోకెల్లా పెద్ద అరువు కథ ఇంకొకటుంది. ఈవ్‌లో అన్నింటికన్నా భారీ నౌకలు 'టైటన్లు'. తొలిరోజుల్లో దాన్ని కట్టడం ఒక్కరి తరమయ్యేది కాదు. వందలమంది నెలల తరబడి ఖనిజం తవ్వి, మోసి, పోగుచేయాలి. అలా మొట్టమొదటి టైటన్‌ను 2006లో 'అసెండెంట్ ఫ్రాంటియర్' అనే కూటమి కట్టింది. తీరా కట్టాక నడిపేది మాత్రం ఒక్కడే! పైగా అప్పట్లో టైటన్లను ఏ స్థావరంలోనూ నిలపడానికి వీల్లేదు. ఆ సౌకర్యం 2016లోగానీ రాలేదు. అంటే అందరి సొత్తూ ఒక్క మనిషి చేతిలో, బయట ఆకాశంలో ఉండాలి. పెళ్లికని ఊరందరి నగలూ తెచ్చి ఒక్క పిల్ల మెడలో వేసి, బజార్లో నిలబెట్టినట్టు!

భయపడినట్టే అయింది. అదే ఏడాది డిసెంబరులో శత్రుకూటమి దాన్ని పేల్చేసింది. ఆ శకలాన్ని సీసీపీ తీసేయలేదు. ఆటలో స్మారకంగా అక్కడే ఉంచేసింది.

'అరువు సొమ్ము బరువు చేటు... అందులో ఒకటి పోతే అప్పుల చేటు' అని మన పెద్దలు ఊరికే అనలేదు. పెళ్లికి అడిగి తెచ్చుకున్న నగ మెడలో ఉన్నంతసేపూ బరువే, పోతే జీవితాంతం అప్పే. ఆ నౌకలో కూర్చున్నవాడి పరిస్థితీ అంతే మరి.

ఆ తర్వాత సంవత్సరాల్లో టైటన్లు పెరిగాయి. 2014 జనవరి 27, 28 తేదీల్లో ఓ కూటమి తన అధీనంలోని ప్రాంతానికి కట్టాల్సిన బిల్లు సమయానికి కట్టలేకపోవడంతో మొదలైన యుద్ధం దాదాపు 21 గంటలు సాగింది. ఏడువేలమందికి పైగా పాల్గొన్నారు. 75 టైటన్లు బూడిదయ్యాయి. నష్టం దాదాపు 3 లక్షల డాలర్లని అంచనా వేశారు. కరెంటు బిల్లు మర్చిపోతే మనకు ఒకపూట చీకటే... వాళ్లకు చరిత్రే మారిపోయింది!

తాళం నాది, నడుపుడు నీది

అరువుకు ఇంత కష్టమెందుకు, ఆటే ఆ బాధ్యత తీసుకోవచ్చుగా అంటారా! అలాంటివీ ఉన్నాయి. 2013 అక్టోబరు 1న మొదలైన 'జీటీఏ ఆన్‌లైన్' అందుకు ఉదాహరణ. అది పెద్దవాళ్ల కోసం తయారైన ఆట, పిల్లలకు తగదన్నది వేరే సంగతి. అందులో ప్రతి ఆటగాడికీ సొంత కార్లుంటాయి. వాటిని ఎవరు వాడుకోవచ్చో యజమాని ఒక పట్టికలో ఎంచుకుంటాడు. ఎవరూ వద్దు, స్నేహితులు మాత్రమే, తన బృందంవారు, అందరూ... ఇలా. స్నేహితుడు ఎంతదూరం నడిపినా యాజమాన్యం మారదు. కారుకు బీమా ఉంటే, దాన్ని పేల్చేసినవాడి ఖాతాలోంచే ఖర్చు పోతుంది. యజమాని బీమా కంపెనీకి ఫోన్ చేస్తే కారు మళ్లీ తయారు!

అయితే అక్కడ కారును స్నేహితుడికి శాశ్వతంగా ఇచ్చేద్దామంటే నేరుగా వీలు లేదు. దాంతో కొందరు ఆటలోని లోపాలను పట్టుకుని కార్లు చేతులు మార్చే దొడ్డిదారులు కనిపెట్టడం, సంస్థ వాటిని మూసేయడం... ఏళ్ల తరబడి సాగుతూ వచ్చాయి. వస్తువులు స్వేచ్ఛగా చేతులు మారితే బయట నిజం డబ్బుకు అమ్ముకునేవాళ్లు, ఖాతాలు కొల్లగొట్టేవాళ్లు బయల్దేరతారన్నది ఆటల సంస్థలకు ఎప్పుడూ ఉండే భయం.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఒకచోట అరువివ్వడంలో నష్టం లేదు కాబట్టి, ఇచ్చినవాడి గొప్పతనమూ పెద్దగా లేదు. రెండోచోట ఇచ్చిన ప్రతిసారీ పోగొట్టుకునే ప్రమాదముంది. అందుకే తిరిగి తెచ్చిచ్చినవాడి పేరు గుర్తుండిపోతుంది.

మధ్యేమార్గం

మోసాల కథలు విని ఈవ్‌లో అరువులు ఆగిపోయాయనుకుంటే పొరపాటే. వాళ్లూ దెబ్బలు తిని నేర్చుకున్నారు. ఎవరి సరకైనా మోసిపెట్టే ఒప్పందంలో ముందే పూచీకత్తు కట్టించుకునే ఏర్పాటు ఆటలోనే ఉంది. సరకు చేరకపోతే ఆ సొమ్ము యజమానికే. ఇక యుద్ధానికి పిలిచి తీసుకెళ్లిన కూటములు చాలావరకు, అక్కడ నౌక పోగొట్టుకున్నవాడికి బదులు నౌకో, దాని ఖరీదో ఇస్తాయి. 'నువ్వు మాకోసం వచ్చావు, నష్టం నీ ఒక్కడిదే ఎందుకవ్వాలి' అన్నది అందులోని న్యాయం. చీటీపాటల్లో, పొలంపనుల బదుళ్లలో మనవాళ్లు పాటించిన న్యాయం లాంటిదే.

అన్నింటికన్నా ముచ్చటైన పద్ధతి మరొకటి. కొత్తవాళ్లకు ఆట నేర్పడానికి ఆటగాళ్లే 2004లో 'ఈవ్ యూనివర్సిటీ' అని పెట్టుకున్నారు. అక్కడా, ఇంకా ఎన్నో కార్పొరేషన్లలోనూ పాతవాళ్లు కొత్తవాళ్లకు చిన్నచిన్న నౌకలు ఊరికే ఇచ్చేస్తుంటారు. 'తీసుకెళ్లు, పేల్చుకో, నేర్చుకో' అంటారు. తిరిగివ్వమని అడగరు. చిన్న నౌక పోతే వాళ్లకు పెద్ద నష్టమేమీ లేదు. తీసుకున్నవాడికి మాత్రం అది మొదటి నౌక. వాడు పెద్దవాడయ్యాక ఇంకో కొత్తవాడికి అలాగే ఇస్తాడు. అప్పు తీరుతుంది... ఇచ్చినవాడికి కాదు, తర్వాత వచ్చినవాడికి!

మొత్తమ్మీద వాళ్లు తేల్చుకున్నది ఇది. తిరిగి రాకపోతే స్నేహం చెడుతుందనుకున్న వస్తువును అరువివ్వకూడదు. పోయినా స్నేహం నిలుస్తుందనుకున్నదాన్ని సంతోషంగా ఇచ్చేయాలి. రెండింటి మధ్య గీత ఎక్కడుందో ఇచ్చేముందే ఎవరికి వారు గీసుకోవాలి.

మన ఇంట్లో అయితే...

ఈవ్ ఆడే పిల్లలు మన ఇళ్లలో తక్కువే కావచ్చు. కానీ 'నీ ఐడీ ఓసారివ్వరా, నీ కారుతో ఒక్క ఆట ఆడి ఇచ్చేస్తా' అన్న మాట ఫోన్లో ఆడే పిల్లలందరికీ తెలిసిందే. ఆట అరువుకు దారి చూపనప్పుడు పిల్లలు వెతుక్కునే అడ్డదారి ఇది. వాహనం ఇవ్వలేక మొత్తం ఖాతానే ఇచ్చేస్తారు. బండి అడిగితే ఇంటి తాళాలు ఇచ్చినట్టన్నమాట.

ఖాతాను ఇంకొకరికివ్వడం చాలా ఆటల్లో నిషేధం. ఈవ్‌లోనూ అంతే. నౌకను ఎవరికైనా ఇవ్వొచ్చు, పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వకూడదు. తీసుకున్నవాడు నియమాలు తప్పితే ఖాతా మూతపడేది యజమానికే. ఆ ఖాతాకు అమ్మానాన్నల కార్డో, ఫోను నంబరో జతచేసి ఉంటే నష్టం ఆటతో ఆగదు. ఓటీపీ ఎవరడిగినా చెప్పకూడదని పిల్లలకు ముందే నేర్పాలి. నిజం డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి.

మరో మాట. నౌకో కారో పోయిందని పిల్లాడు ఏడుస్తుంటే 'ఉత్తుత్తి బొమ్మకేనా ఇంత గోల' అని కొట్టిపారేయకండి. వాడి బాధ చాలావరకు బొమ్మ పోయినందుక్కాదు. స్నేహితుడు తిరిగివ్వనందుకు. ఎవరికిచ్చాడో, ఏమని మాటిచ్చుకున్నారో కూర్చోబెట్టి అడగండి. వస్తువు ఎవరిచేతిలో పెట్టాలో, ఎంతవరకు పెట్టాలో నేర్చుకోవడానికి అది తక్కువ ఖర్చులో దొరికిన పాఠం. అదే పాఠం పాతికేళ్లొచ్చాక పూచీ సంతకం రూపంలో ఎదురైతే ఖరీదు ఎక్కువవుతుంది.

బండి తీసుకెళ్లిన స్నేహితుడు తిరిగొచ్చేటప్పుడు ఓ లీటరు పెట్రోలు పోయించి, అద్దం తుడిచి తెచ్చిచ్చాడనుకోండి... మళ్లీసారి వాడు అడగకముందే తాళాలు ఇచ్చేస్తాం. ఆ దూరాకాశంలోనూ అంతే. తగిలిన దెబ్బలు బాగుచేయించి, వాడిన మందుగుండు నింపి నౌకను అప్పగించినవాడు రెండోసారి నోరు తెరిచి అడగాల్సిన పనే ఉండదు.